కర్రలో నీరెంత?

ఎసరు మరిగేలోపు రామతులసి నాలుగు కర్రముక్కలు తూచేసింది. తూచేముందు చేతులు పొడి గుడ్డతో రెండుసార్లు తుడుచుకుంది. తడి చేత్తో పట్టుకుంటే ముక్క ఆ కాస్త నీటినీ తాగేసి, కాటా ఎక్కి అబద్ధం చెబుతుందని ఆమెకు తెలుసు. గాజు తలుపుల కాటాలో ముక్కను పెట్టి, ముల్లు ఊగడం మానేదాకా ఊపిరి బిగబట్టి, తూకం నోటుబుక్కులో రాసుకుంది. తరువాత ముక్కల్ని పప్పు డబ్బాల పక్కనున్న కరెంటు ఓవెన్‌లో పేర్చి తలుపు మూసింది. నూట మూడు డిగ్రీలు. రేపు ఈపాటికి వాటిలో నీటిచుక్క మిగలదు. అప్పుడు మళ్ళీ తూస్తే, ఇవాళ్టి తూకానికీ రేపటి తూకానికీ మధ్య తేడా ఎంతో, కర్రలో నీరంత.

“ఓలే తులసీ, అన్నమొండే కాడ ఆ కర్రలేటే?” అంది అత్తగారు అప్పలనరసమ్మ, గుమ్మంలోంచే. పద్నాలుగు నెలలుగా రోజూ అదే మాట. రామతులసి కూడా రోజూ ఒకటే జవాబు చెబుతుంది: “అయిపోయిందత్తా.”

బరంపురం పొలిమేరలో, అంకులిలో, ఆమె మొగుడు గోవిందరావు కోత మిల్లు వెనకే వాళ్ళ ఇల్లు. భంజనగర్ వైపు నుంచి దుంగల లారీలు వస్తాయి. పంతొమ్మిది వందల ఎనభై రెండు వరకూ దూలాలు, పలకలు కోసి అమ్ముకుంటే చాలనుకున్న గోవిందరావుకి, సర్కారు కట్టే బళ్ళకీ ఆఫీసులకీ తలుపులు చేయాలన్న ఆశ పుట్టింది. ఆ తలుపులకి ఐఎస్ఐ మార్కు ఉండాలి. మార్కు కావాలంటే పలకల్ని బట్టీ గదిలో వేడికి ఆరబెట్టాలి, ఆరాయో లేదో రోజూ ముక్క కోసి పరీక్షించాలి, నూటికి పన్నెండు పాళ్ళకి మించి నీరుంటే ఆ బట్టీ దించి పలకలు బయటికి తీయకూడదు. కాటా కొన్నారు, ఓవెన్ కొన్నారు. మిల్లు ఆఫీసులో పెడితే, అవతల రంపం తిరుగుతున్నంతసేపూ కాటా ముల్లు నిలబడలేదు. ఓవెన్‌కి కావలసిన లావుపాటి ప్లగ్గేమో ఇల్లు మొత్తానికి ఒక్కటే ఉంది, రుబ్బుడు గ్రైండరు కోసం వంటింట్లో పెట్టించింది. అలా ప్రయోగశాల వంటింట్లోకి వచ్చింది. “వంట సేస్తూ ఓసారి సూస్తే సాలు. నీకిదో పనా?” అన్నాడు గోవిందరావు. పనే కాదన్నాక ఇక దానికి పేరెందుకు, పేరు లేని పనికి మనిషెందుకు? మార్కు అప్లికేషన్లో, పరీక్షలు చేసే మనిషి సైన్సు గ్రాడ్యుయేటై ఉండాలన్నారు. గోవిందరావు మేనల్లుడు శ్యామసుందర్ బీయస్సీ. ఇంటరుతో చదువు ఆగి పెళ్ళిపీటలెక్కిన రామతులసి ఊసు ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం శ్యామసుందర్ వచ్చి, టీ తాగి, ఆమె నోటుబుక్కు తీసుకుపోయి, మిల్లు ఆఫీసులో ఉండే పెద్ద రిజిస్టరులోకి అంకెలు ఎక్కించి, ‘పరీక్షించినవారు’ అన్న గడిలో అందంగా సంతకం చేస్తాడు. అతని సంతకం నిజంగానే అందంగా ఉంటుంది.

మొదటి వారం ఆమెకూ అది ఇంకో చాకిరీగానే ఉంది. రెండో వారంలో ఎవరో బూరుగు దుంగ తెచ్చారు. సరదాకి ఒక ముక్క కోయించి తూచింది. మర్నాడు లెక్క వేస్తే నూటికి నూట ముప్పై వచ్చింది. తప్పు చేశాననుకుని మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. కర్ర ఎంత ఉందో అంతకన్నా ఎక్కువ నీరు దానిలో ఉంది! ఆ రోజు చారులో ఉప్పు మరచిపోయింది. మొగుడికి చెప్పాలని ఆగలేక అన్నం వడ్డిస్తూనే చెప్పింది. “కర్రలో నీల్లు సరే, ముందు సారులో ఉప్పు సూసుకో,” అన్నాడతను. ఉప్పు లేని మాట నిజమే కాబట్టి ఆమె ఊరుకుంది. అయితే ఆ బూరుగు ముక్క ఆమె మనసులోంచి పోలేదు. చూడటానికి పొడిగా, గట్టిగా, ఏమీ ఎరగనట్టుండే వస్తువు లోపల అంత దాచుకుంటుందా? ఇంకేమిటేమిటి దాచుకుంటుంది? తెల్లారి లేవగానే నిన్నటి ముక్క ఎంతకి తేలిందో చూడాలన్న తొందరలో ఆమె పళ్ళు తోముకోవడం కూడా వెనక్కి పెట్టేది. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో పొద్దున్నే లేవాలనిపించడం ఆమెకదే మొదలు. సాల కర్ర మొండిది, లోపలి తేమ ఓ పట్టాన వదలదు. టేకు అలా కాదు. గోపాల్‌పూర్ వైపు గాలి తిరిగిన వారం ఆరిన చెక్క కూడా మళ్ళీ కాస్త తాగుతుంది. ఇవన్నీ ఎవరూ చెప్పలేదు, నోటుబుక్కులో పేజీ వెనక పేజీ తిప్పుతుంటే ఆమెకే కనబడ్డాయి. బట్టీ చూసే కొండలు ఒక్కడే ఆమెను అడిగేవాడు: “అమ్మా, ఇయ్యాల దించీమంతారా, ఉంచీమంతారా?” ఆమె ఉంచమంటే ఉంచేవాడు.

ఆ నోటుబుక్కులో నెలకి మూడు రోజులు ఖాళీ. ఆ ఇంట్లో బయట చేరిన ఆడది వంటింటి గడప తొక్కదు. పెరటి వసారాలో చాప, విడిగా కంచం, గ్లాసు. నాలుగో రోజు తలంటు పోసుకుని లోపలికి రావాలి. కొండలు ముక్కలు పట్టుకుని పెరటి తలుపు దగ్గరికి వస్తే అప్పలనరసమ్మే చెప్పి పంపేసేది: “మూడ్రోజులాగు.” వసారాలో కూర్చుని రామతులసి కేకేసేది: “నేను లేచేదాకా బట్టీ దించకు కొండలూ!” దించడనే ఆమె అనుకుంది. రిజిస్టరులో ఆ మూడు రోజులూ ఖాళీగానే ఉంటాయనీ అనుకుంది. రిజిస్టరు ఆమె ఎన్నడూ చూసింది కాదు.

హుమ్మలో కొత్తగా కట్టిన హాస్టలు నుంచి ఫిర్యాదు వచ్చినప్పుడు తెలిసింది. నలభై తలుపుల్లో ఏడు, ఎండలు ముదిరేసరికి మెలితిరిగి గడియ పడటం లేదట. ఉత్తరం ఇంట్లో బల్ల మీద పడి ఉంటే ఆమె చదివింది. ఏడు తలుపుల అంచు మీదా గుద్దిన బట్టీ నంబర్లు అందులో ఉన్నాయి. మొగుడు “పనోళ్ళు ఎదవలు” అని ఊరంతటినీ తిడుతుంటే, ఆమె నోటుబుక్కు తెచ్చుకుని ఆ నంబర్లు వెతికింది. ఏడూ రెండు బట్టీలవే. ఒకటి జనవరిది, ఇంకొకటి మార్చిది. రెండింటికీ ఆఖరి తూకం పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది, తరువాత మూడు రోజులు ఖాళీ. నాలుగో రోజున కొత్త బట్టీ నంబరు మొదలైంది. పాత బట్టీని అలాగే ఉంచి కొత్తది మొదలెట్టారనో ఏదో అప్పుడు అనుకున్నట్టు గుర్తు. పెరట్లోకి కొండల్ని పిలిచి అడిగితే, అతను తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

“బాబు దించీమన్నారమ్మా. ఆర్డరు తొందరన్నారు. శ్యాంబాబు పదకొండున్నరని రాసీసినారు. నానేటి సేత్తాను?”

“ప్రతి నెలా రాస్తున్నాడా?”

“ఆ మూడ్రోజులూ రాత్తారమ్మా.”

ఒళ్ళు మండింది రామతులసికి. పద్దెనిమిది ఉన్నదాన్ని పదకొండున్నర అంటాడా! ఆమె పాయింటు తరవాతి అంకె కోసం కళ్ళు చిట్లించి కాటా చూస్తుంది, అతనేమో కాటా జోలికే పోకుండా, కూర్చున్న చోటు నుంచి కదలకుండా అంకెలు పుట్టించాడు. అదే మాట గోవిందరావుతో అంటే, “అయిందేదో అయింది. భువనేశ్వర్ నుంచి ఇన్‌స్పెక్టరొస్తన్నాడు. నువ్వు వడలెయ్యి, మిగతాది నేను సూసుకుంటాను,” అన్నాడు. మార్కు పోతే సర్కారు తలుపులు పోతాయని అతని దిగులు. మార్కు పోతే ఓవెన్ పోతుంది, కాటా పోతుంది, పొద్దున్నే లేవాలన్న తొందర పోతుందని ఆమె దిగులు. ఆమె దిగులు ఎవరూ అడగలేదు.

ఇన్‌స్పెక్టరు నీలకంఠం పర్లాకిమిడి మనిషి, యాభై దాటినవాడు. రిజిస్టరు తెరిచి గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. సంచీలోంచి గళ్ళ కాగితాలు తీసి ఒకదానికొకటి అంటించి, రోజుకో చుక్క చొప్పున పద్నాలుగు నెలల అంకెలూ పెట్టుకుంటూ పోయాడు. చుక్కల్ని కలుపుతూ గీత గీశాడు. వడల పళ్ళెం కొండలు చేతికిచ్చి వెనుదిరగాల్సిన రామతులసి ఆ రోజు ఆఫీసు గుమ్మం దాటి లోపలికే వచ్చి నిలబడిపోయింది. తన అంకెలు బొమ్మయితే ఇలా ఉంటాయా! ఎగుడుదిగుడుగా, వానాకాలంలో పైకి లేచి, చలికాలంలో దిగి, ప్రతి బట్టీకీ మెట్టు మెట్టుగా కిందికి జారుతూ, ఒక్కో బట్టీ కథా అక్కడుంది. పద్నాలుగు నెలలుగా ఎవరైనా తన అంకెల వైపు చూస్తారా అని ఎదురుచూసిన మనిషికి, చూసేవాడు దొరికాడు. ఆ సంతోషంలో ఆమె ఒక్క క్షణం భయం సంగతే మరచిపోయింది.

“గోవిందరావు గారూ,” అన్నాడు నీలకంఠం కళ్ళజోడు తీసి, “మీ కర్రకి నెలకోసారి బుద్ధొస్తుందా?”

“ఆజ్ఞా? ఏటి సార్?” అన్నాడు గోవిందరావు.

“ఇటు చూడండి. ఇరవై అయిదు రోజులు కర్ర కర్రలాగే ఉంది. హెచ్చుతుంది, తగ్గుతుంది. ఆ తరువాత మూడు రోజులు పదకొండున్నర, పదకొండున్నర, పదకొండున్నర. గీత తాడు కట్టి లాగినట్టుంది. మళ్ళీ ఇరవై అయిదు రోజులు మామూలే. పద్నాలుగు నెలలూ ఇంతే. ఏం జరుగుతుంది ఈ మిల్లులో, ఆ మూడు రోజులూ?”

“కరెంటు సార్,” అన్నాడు గోవిందరావు.

“ఓవెన్ సర్వీసింగ్ సార్,” అన్నాడు అదే క్షణంలో శ్యామసుందర్.

“ఇరవై ఎనిమిది రోజులకోసారి కచ్చితంగానా?” నీలకంఠం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతనికి కోపం లేదు. తెలుసుకోవాలని ఉంది, అంతే. గోవిందరావు బల్ల అంచు గోకుతున్నాడు. శ్యామసుందర్ చెవులు ఎర్రబడ్డాయి. కొండలు పళ్ళెం పట్టుకుని నేల చూస్తున్నాడు. అక్కడున్న మగవాళ్ళందరికీ జవాబు తెలుసు, ఒక్క ఇన్‌స్పెక్టరుకి తప్ప.

“చెప్పకపోతే నేనేం చేయను చెప్పండి? మూడు రోజులు కూర్చుని రాసినవాళ్ళు ముప్పై రోజులూ అలాగే రాయలేదని నమ్మకమేమిటి? రిజిస్టరు మొత్తం కొట్టేయాల్సి వస్తుంది. మార్కు రద్దు.”

మొత్తం! బూరుగు నూట ముప్పై కూడానా? ఊపిరి బిగబట్టి రాసిన ప్రతి అంకె, శ్యామసుందర్ పదకొండున్నరల పక్కన ఒకే గాటన కట్టేస్తారా? మొగుడు చూసుకుంటానన్నది ఇదేనా? రామతులసి బల్ల దగ్గరికి ఒక అడుగు వేసింది. ఆ మాట పరాయి మగవాడి ముందు అనడమేమిటని లోపల ఒక గొంతు గోల పెట్టింది. అది అత్తగారి గొంతులాగా, అమ్మ గొంతులాగా ఉంది. దాన్ని అరవనిచ్చి, ఆమె నోరు తెరిచింది.

“ఆ మూడు రోజులూ నేను బయట ఉంటాను సార్. ఓవెన్ వంటింట్లో ఉంది.”

నీలకంఠానికి ఒక క్షణం పట్టింది. తరువాత అతను కాగితం మీది గీతని చూసి, ఆమెను చూసి, మళ్ళీ గీతని చూశాడు.

“తులసీ, నువ్వు లోపలికెల్లు,” అన్నాడు గోవిందరావు పళ్ళ మధ్య నుంచి.

“ఉండనివ్వండి. మరి మిగతా రోజులవి ఎవరివమ్మా?”

“నేను తూచినవే.”

“సంతకం ఈ అబ్బాయిది కదా?”

“సంతకం తనదే సార్. తూకాలు నావి.”

అతను ఇంకేమీ అనకుండా వంటిల్లు చూపించమన్నాడు. చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చాడు. ఓవెన్ మీద వేడి చూపించే ముల్లు, కాటా కింద సమంగా పరిచిన రాతిపలక, గోడకి వేలాడే పొడి గుడ్డ, అన్నీ చూశాడు. నోటుబుక్కులో అక్కడొకటి ఇక్కడొకటి పట్టుకుని పది లెక్కలు మళ్ళీ వేశాడు. ఆ తరువాత పరీక్ష పెట్టేవాడిలా అడిగాడు: “పచ్చి తూకంతో భాగించకుండా పొడి తూకంతోనే ఎందుకు భాగిస్తారు?”

“పచ్చి తూకం పూటకోలాగ ఉంటుంది కద సార్. నీరంతా పోయాక మిగిలిందే కర్ర. అది మారదు. మారేదాంతో భాగిస్తే రెండు రోజుల్ని పక్కపక్కన పెట్టి పోల్చలేం.” ఒక క్షణమాగి, ఉండబట్టలేక, “బూరుగుకి నూట ముప్పై వచ్చింది సార్, అది తప్పు కాదు కదా?” అని తనే అడిగేసింది.

“తప్పెందుకవుతుంది? నేను నూట అరవై కూడా చూశాను,” అన్నాడతను. రామతులసికి ఆ మాట ఎంత హాయిగా ఉందంటే, మార్కు సంగతి అడగడం కూడా తోచలేదు.

మార్కు పోలేదు, నిలబడనూ లేదు. ఏడు తలుపులూ మార్చి ఇవ్వాలి. రెండు నెలల్లో మళ్ళీ వస్తాడు. ఈలోగా ఒక్క రోజు కూడా తూకం తప్పకూడదు, తూచినవాళ్ళే సంతకం చేయాలి. సైన్సు గ్రాడ్యుయేటు కాకపోయినా ఆమె పని చూశానని పైవాళ్ళకి తను రాస్తానన్నాడు.

అతని జీపు కదలగానే మొదలైంది. “పదిమందిలో ఆడదాని నోట రావలసిన మాటేనా అది? నా తల ఎక్కడ పెట్టుకోను?” అని గోవిందరావు. “అత్తయ్య నన్ను దొంగని చేసేసింది, ఇక నేనా కాటా ముట్టను,” అని శ్యామసుందర్. దొంగ అంకెలు రాయడం కన్నా, బయట ఉన్నానని చెప్పడం పెద్ద సిగ్గయింది ఆ ఇంట్లో. ఆ మూడు రోజులకని కాటాని వసారాలో పెట్టి చూశారు, గాజు తలుపులు మూసినా గాలికి ముల్లు నిలబడలేదు. పనిమనిషి కూర్మమ్మకి నేర్పించబోతే, “నాకు భయమమ్మా, ఇరిగిపోద్ది,” అని దండం పెట్టింది. ఆఖరికి గోవిందరావు గొంతు తగ్గించి వంటింట్లోకి వచ్చాడు. “నువ్వేం చేసుకుంటావో నాకనవసరం. మార్కు పోకూడదు. అమ్మకి తెలియకూడదు. అర్థమయిందా?”

బాగానే అర్థమయింది. తలుపులకి అవసరమైతే మైల ఉండదు, ఎవరికీ తెలియకపోతే చాలు. ఇరవై నాలుగేళ్ళు, ఏడాదికి పదమూడు సార్లు, మూడేసి రోజులు, కాన్పుల నెలలు తీసేసినా ఎనిమిది వందల రోజులకి తగ్గవు. రెండేళ్ళకి పైగా వసారాలో కూర్చుంది. కర్రముక్కని నమ్మక రెండుసార్లు తూచే మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం ఒక్కసారైనా తూచి చూడకుండా నమ్మేసింది. తనకే ఆశ్చర్యమేసింది. మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అత్తగారి పక్కన కూర్చుని అడిగింది.

“అత్తా, బయటున్నప్పుడు తాకితే ఏటవుద్ది?”

“ఏటవుద్దో నాకేటి తెలుసు? మా అత్త ఒద్దంది, నాను మానేసినాను.”

“ఆవిడేమైనా సూసిందా?”

“ఆవిడెందుకు సూత్తాది? ఆవిడ అత్త ఒద్దంది.” అప్పలనరసమ్మ ఒక రాయి ఏరి పారేసింది. “పిచ్చి పెశ్నలు నువ్వూను.”

మళ్ళీ నెల వచ్చింది. ఆ పొద్దున రామతులసి తెల్లవారుతూనే తలకి పోసుకుంది, చాప పరవలేదు. వంటింట్లోకి వెళ్ళి చేతులు తుడుచుకుని నాలుగు ముక్కలు తూచి, ఇప్పుడు వంటింటి అలమర్లోనే ఉంటున్న పెద్ద రిజిస్టరు తీసి, తేదీ వేసి, ‘పరీక్షించినవారు’ గడిలో తన పేరు రాసింది. శ్యామసుందర్ సంతకమంత అందంగా రాలేదు. ఆ తరువాత ఎసరు పెట్టింది. మర్నాడూ అంతే.

మర్నాడు మధ్యాహ్నం అప్పలనరసమ్మ భోజనానికి కూర్చుంది. చిలికా చేపల పులుసు. రెండు ముద్దలు తిన్నాక వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని తలెత్తింది.

“ఏటే, ఈ నెల నువ్వింకా బయట సేరలేదేటి?”

గోవిందరావు కోరిన అబద్ధం రామతులసి నాలిక మీద సిద్ధంగానే ఉంది. ఈ వయసులో నెల తప్పిందన్నా నమ్ముతారు. ఆమె గరిటె గిన్నెలో పెట్టింది.

“సేరేనత్తా. నిన్న పొద్దున.”

అప్పలనరసమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆమె కంచంలోకి చూసింది, పులుసు గిన్నె వైపు చూసింది, ఓవెన్ వైపు చూసింది. కోడలి ముఖం వైపు చాలాసేపు చూసింది. రామతులసి కళ్ళు దించుకోలేదు. నోట్లో ఉన్న ముద్ద ముసలామె ఉమ్మలేదు. నెమ్మదిగా నమిలి మింగింది.

“నిన్నటి ముక్క ఏటొచ్చింది?”

“పదకొండు పాయింటు రెండు.”

“అంతకు ముందురోజుది?”

“పదకొండు పాయింటు మూడు.”

అప్పలనరసమ్మ గిన్నె వంచి కంచంలో ఇంకాస్త పులుసు పోసుకుంది.

“రేపటిది కూడా సూసి సెప్పు,” అంది, ఇంకో ముద్ద కలుపుకుంటూ.